దూది బజ్జీలు

రేపు భోగి. మా తోడల్లుడు కొత్తల్లుడిగా మొదటి పండక్కి వస్తున్నాడు. పొద్దున్నుంచీ వంటింట్లో ఒకటే గుసగుసలు. నేను అటు వెళ్తే గప్‌చుప్. నాకు తెలీదనుకుంటున్నారు పాపం!

పదమూడేళ్ల కిందట ఇదే ఇంట్లో, అమలాపురం దగ్గర పల్లెలో, నేనూ కొత్తల్లుడినే. దిగగానే మరదలు వినయంగా కాఫీ తెచ్చింది. అప్పటికి రెండు జడల పిల్ల. ఒక గుక్క తాగానో లేదో, ఉప్పు! ఎదురుగా మామగారు పేపర్ చదువుతున్నారు, ఉమ్మలేను. మింగేసి మంచం మీద కూలబడితే ఫటఫటమని చప్పుడు. దుప్పటి కింద వరసగా అప్పడాలు పరిచారు.

సాయంత్రం బజ్జీలు. బంగారు రంగు, కమ్మటి వాము వాసన. కొరికితే తెగదే! లాగితే సాగుతోంది. దూదిని శనగపిండిలో ముంచి నూనెలో వేయించారు మహానుభావులు. తలుపు వెనక అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. పేపర్ వెనక మామగారి భుజాలూ కదులుతున్నాయి. అంటే ఆయనకీ ముందే తెలుసన్నమాట!

అప్పుడు బాగా ఉడుక్కున్న మాట నిజమే. కానీ రాత్రి భోజనాల వేళకి ఆ ఇంట్లో నా మొహమాటం ఎటు పోయిందో పోయింది. గారెల్లో పచ్చిమిరపకాయలు దట్టించడం మాత్రం నాకు నచ్చదు. అది సరదా కాదు, కడుపుమంట.

ఇందాక బావమరిది వచ్చి, "బావా, మెడికల్ షాపులో కాస్త దూది తెస్తావా?" అన్నాడు.

పెద్ద కట్టే తెచ్చాను.