మైక్రో ఇన్వర్టర్లు పెట్టించాం, నెట్ మీటర్ దగ్గర ఇరుక్కున్నాం

ఇంటి డాబా మీద సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు, వెండర్ ఎంపిక, ప్యానెళ్ల బిగింపు ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. 540 వాట్లవి 6 ప్యానెళ్లు, అంటే 3.24 కిలోవాట్లు. మధ్యాహ్నం మూడు దాటితే మెట్ల గది నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతుంది. అందుకే ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చడానికి అన్నిటికీ కలిపి ఒకే ఇన్వర్టర్ వద్దనుకుని, ప్యానెల్ కిందే బిగించే చిన్న ఇన్వర్టర్లు, అంటే మైక్రోలు, రెండేసి ప్యానెళ్లకు ఒకటి చొప్పున 3 తీసుకున్నాం.

ఒకే ఇన్వర్టరైతే "ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే ఆరూ ఆగిపోతాయి" అని వెండర్లు చెప్పేది నమ్మకండి. ప్రతి ప్యానెల్లో మామూలుగా మూడు బైపాస్ డయోడ్లుంటాయి. నీడ పడిన భాగాన్ని అవి పక్కన పెడతాయి, మిగతాది నడుస్తుంది. నీడే లేని డాబాకి ఒకే ఇన్వర్టర్ చాలు. ధర తక్కువ, గోడకి నీడపట్టున ఉంటుంది, చెడిపోతే కిందే నిలబడి మార్చుకోవచ్చు. మైక్రో చెడితే ఎండలో ప్యానెల్ విప్పాలి. లైను కరెంటు పోతే రెండూ ఆగిపోతాయి, అందులో తేడా లేదు.

అసలు నరకం, ఇంటికి వచ్చే కరెంటునీ బయటికి పంపే కరెంటునీ లెక్కించే నెట్ మీటర్ పెట్టే ముందు జరిగే తనిఖీ రోజు మొదలైంది. వచ్చినాయన మొదటి మాటే "డీసీడీబీ (డీసీ వైర్ల రక్షణ పరికరాలుండే పెట్టె) ఏది?" అని. మైక్రోలకి డీసీ ప్యానెల్ కిందే అయిపోతుంది, కిందికి దిగేది 230 వోల్టుల ఏసీయే. ఒకే ఇన్వర్టరైతే ఆరు ప్యానెళ్లు వరసగా కలిసి ఎండలో 300 వోల్టుల దాకా డీసీ దిగుతుంది కాబట్టి ఆ పెట్టె కావాలి. ఇదంతా చెబితే, ఇరుగుపొరుగు చూస్తుండగా "నాకే నేర్పుతారా?" అని గదమాయించాడు. తీరా చూస్తే, వెండర్ ఇచ్చిన లైన్ డయాగ్రమ్ (ప్యానెళ్ల నుంచి మీటర్ దాకా వైరింగ్ చూపే పటం) మామూలు ఇన్వర్టర్‌ది! వేరే ఇంటి కాగితం మీద మా పేరు రాసి ఇచ్చేశాడు. పైగా మైక్రోల సీరియల్ నంబర్లు అడిగారు. అవి ప్యానెళ్ల అడుగున ఉన్నాయి, ఫొటోలు తీయలేదు. మూడు ప్యానెళ్లు విప్పించాల్సి వచ్చింది. ఆ కూలీ డబ్బులు వెండర్ చేతే కట్టించాను, మీరూ కట్టించండి.

కాబట్టి బిగించే ముందే ప్రతి మైక్రో, ప్రతి ప్యానెల్ నంబరు ఫొటో తీసి, ఏది ఎక్కడుందో డాబా పటం మీద రాయించండి. డయాగ్రమ్‌లో మైక్రోలు, ఏసీడీబీ (ఏసీ వైపు అలాంటి పెట్టె), ఎర్తింగు కనబడితేనే సంతకం పెట్టండి.

కేబుల్ సంగతి కూడా చూసుకోండి. 20 మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, పూర్తి ఉత్పత్తిలో డాబా మీద వోల్టేజి దాదాపు 4 వోల్టులు ఎక్కువుంటుంది. 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే రెండున్నర వోల్టులే. మధ్యాహ్నం లైనే 250 దాకా వచ్చే వీధుల్లో ఆ తేడాకే మైక్రోలు ట్రిప్పవుతాయి.

కొత్త డయాగ్రమ్ ఇచ్చాక మీటర్ పెట్టారు. తర్వాత 78,000 సబ్సిడీ ఖాతాలో పడింది.