అక్క మెడ సర్జరీ

సాగిన మెడ కనిపించకూడదని మా అక్క నల్గొండలో పెళ్లిళ్లకు కూడా కొంగు నిండా కప్పుకునే వెళ్తోంది. 58 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాం. పళ్లు గట్టిగా బిగించమంటే గడ్డం కింద రెండు తాళ్లలా కండరం లేచింది. దాన్నే ప్లాటిస్మా అంటారు.

చర్మం బిగువుగా ఉండి కొవ్వు మాత్రమే ఉంటే లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు పీల్చేయడం) చాలు. సాగిన చర్మం కింద కొవ్వు తీస్తే ఇంకా వదులవుతుంది. కండరాన్ని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేసేది 3, 4 నెలలే. అక్కకు నెక్ లిఫ్టే సరైనది: గడ్డం కింద, చెవుల వెనక కోసి, కండరాన్ని కుట్టి, మిగులు చర్మం తీసేస్తారు. దవడ దగ్గర చర్మం కూడా జారింది కాబట్టి లోయర్ ఫేస్‌లిఫ్ట్ (ముఖం కింది భాగాన్ని బిగించే సర్జరీ) కలపాలి.

బీపీ ఎక్కువుంటే సర్జరీ తర్వాత లోపల రక్తం చేరే ప్రమాదముంది. అక్క బీపీ అదుపులోకి రాగానే డేట్ తీసుకుంటాం. "గీ వయసుల సోకులేంది" అనే చుట్టాలారా, ఆమె ముందు మాత్రం ఆ మాట అనకండి.