ఉతికిన ఐదువందల నోటు

గత నెలలో ఒక ఆదివారం మా ఇంట్లో బట్టలతో పాటు ఒక ఐదువందల నోటు కూడా వాషింగ్ మెషీన్‌లో తిరిగి బయటికి వచ్చింది. మా వారి చొక్కా జేబులో నాలుగు మడతలుగా ఉండిపోయిన ఆ నోటును దండెం మీద క్లిప్పు పెట్టి ఆరబెట్టి, ఇస్త్రీ పెట్టె కాస్త చల్లబడ్డాక పైపైన రుద్ది, మరునాడు బెంగళూరు జయనగరంలో ఒక కిరాణా దుకాణంలో ఇచ్చాను. గల్లా దగ్గరున్న కుర్రవాడు దానిని యూవీ (అతినీలలోహిత) లైటు పెట్టె కింద ఉంచగానే నోటంతా, తెల్ల చొక్కాల ప్రకటనల్లో చూపించే ఆ నీలికాంతితో, ఒక్కసారిగా వెలిగింది. అతడు నోటు వెనక్కి ఇస్తూ "ఇది నడవదు మేడమ్, వేరేది కొడి" అని కన్నడం కలిపి మర్యాదగానే అన్నాడు. నా వెనక వరుసలో నిలబడిన వాళ్ల చూపుల్లో మాత్రం ఆ మర్యాద లేదు.

ఇంటికి వెళ్లకుండా నేరుగా చిక్‌పేటకు వెళ్లాను. మా మేనమామ ధర్మవరం నుంచి వచ్చి నలభై ఏళ్లుగా అక్కడ చీరల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నాడు. దుకాణం సగం కొడుకు చేతికి వచ్చినా గల్లాపెట్టె మాత్రం ఇప్పటికీ ఆయన మోకాలి పక్కనే ఉంటుంది. నోటు చేతికివ్వగానే ఆయన దానిని వెలుతురుకు ఎత్తి చూడలేదు. కుడిచేతి బొటనవేలి గోటిని నోటు ఎడమ అంచు మీద, తరువాత కుడి అంచు మీద మెల్లగా గీసి, నోటును ఒకసారి ముందుకు వంచి, "సబ్బు నీళ్లు తాగిందా పాపా ఇది?" అని అడిగాడు. నేను అప్పటికి ఉతికిన సంగతి చెప్పనే లేదు.

ఆయన గోటికి తగిలినవి అంచుల దగ్గరి ఏటవాలు గీతలు. 2016 నవంబరు నుంచి వచ్చిన మహాత్మా గాంధీ కొత్త శ్రేణిలో ఐదువందల నోటుకు ఇరువైపులా ఐదేసి గీతలు, రెండువందల నోటుకు నాలుగేసి గీతలతో పాటు వాటి నడుమ రెండు చిన్న వృత్తాలు, వంద నోటుకు నాలుగేసి గీతలు ఉంటాయి. వీటిని చూపు లేనివారి కోసం పెట్టారు. గాంధీ బొమ్మ, కుడివైపున్న అశోక స్తంభం, ఐదువందల నోటు మీద వృత్తం, వంద నోటు మీద త్రిభుజం కూడా ఇలాగే ఉబ్బెత్తుగా తగులుతాయి. వీటన్నింటినీ ఇంటాగ్లియో అనే పద్ధతిలో అచ్చు వేస్తారు. లోహపు పలక మీద గీతలను లోతుగా చెక్కి, ఆ గాడుల్లో చిక్కటి సిరా నింపి, పలక పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, విపరీతమైన ఒత్తిడితో కాగితాన్ని దాని మీద అదిమితే, కాగితం గాడిలోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. కనుక అక్కడ సిరా కాగితం మీద పూతలా పరుచుకోదు, గట్టులా నిలబడుతుంది. ఇంట్లోని ప్రింటరు ఎంత ఖరీదైనదైనా రంగును చదునుగానే వేస్తుంది. ఆ గట్టును తేవడానికి కావలసిన యంత్రం ఎవరికి పడితే వారికి దొరికేది కాదు. అందుకే, నకిలీని పట్టడానికి సామాన్యుడి చేతిలో ఉన్న సాధనాల్లో కంటి కంటే వేలికే నేను మొదటి స్థానం ఇస్తాను. ఈ మాట వంద, అంతకంటే పెద్ద నోట్లకే వర్తిస్తుంది. కొత్త యాభై, ఇరవై, పది నోట్లలో ఈ ఉబ్బెత్తు ముద్రణ లేదు కాబట్టి వాటిని తడిమి అనుమానపడితే తప్పు మనదే అవుతుంది.

ఆ తరువాత ఆయన నోటును వంచడానికి కారణం దాని నడుమ నిలువుగా సాగే దారం. కాగితం లోపల కొంత మేర దాక్కుంటూ, కొంత మేర కిటికీల్లోంచి తొంగిచూసినట్టు బయటపడుతూ పోయే ఆ దారం మీద దేవనాగరి లిపిలో "భారత్" అనీ, ఆంగ్ల అక్షరాల్లో "ఆర్‌బీఐ" అనీ ఉంటుంది. నిటారుగా పట్టుకుంటే ఆకుపచ్చగా ఉండి, వంచితే నీలంగా మారుతుంది. కుడివైపు కింద రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అదే తీరున రంగు మార్చే సిరాతో వేసినదే. రంగుల జెరాక్సు ఒక క్షణంలో ఒక కోణం నుంచి కనిపించే రంగునే పట్టగలదు; రెండో కోణంలో కనిపించవలసిన రంగు దాని దగ్గర ఉండదు. ఉతికినా ఇస్త్రీ చేసినా నా నోటు దారం చక్కగా నీలానికి తిరిగింది. దారాన్ని చూసి మామ నవ్వాడు గానీ నాకు అప్పటికీ ధైర్యం చిక్కలేదు, ఎందుకంటే యూవీ లైటు కింద అది వెలగడం నేను కళ్లారా చూశాను.

అసలు ఆ దీపం చేసే పని ఏమిటో తెలిస్తే ఈ చిక్కుముడి విడిపోతుంది. మనం రాసుకునే, ప్రింటు తీసుకునే మామూలు కాగితాన్ని మరింత తెల్లగా చూపించడానికి తయారీలోనే మెరుపుద్రవ్యాలు కలుపుతారు. అతినీలలోహిత కాంతి పడగానే అవి నీలంగా ప్రకాశిస్తాయి. కరెన్సీ కాగితాన్ని కర్రగుజ్జుతో కాక పత్తితో చేస్తారు, పైగా దానిలో ఈ ద్రవ్యాలు కలపరు. కాబట్టి దీపం కింద అసలు నోటు మసకగా ఉండిపోయి, దానిలోని సంఖ్యల వరుస, కాగితంలో అక్కడక్కడా చల్లిన సన్నని రంగు పోగులు మాత్రమే మెరవాలి. అయితే బట్టలు తళతళలాడాలని మన డిటర్జెంట్లలో కలిపేవి కూడా అదే జాతి ద్రవ్యాలు. పత్తి చొక్కాకు పట్టినట్టే పత్తి నోటుకూ పట్టాయి. ఆ కుర్రవాడి దీపం అబద్ధం చెప్పలేదు, మా ఇంటి సబ్బుపొడి గురించి నిజమే చెప్పింది. ఈ లెక్కన మెరుపుద్రవ్యం లేని కాగితం ఎక్కడైనా సంపాదించిన దొంగనోటు అదే దీపం కింద పెద్దమనిషిలా మసకగా కూర్చోగలదు. ఒక్క గుర్తునే నమ్ముకుని తీర్పు చెప్పడం రెండు వైపులా ప్రమాదమే.

విదేశాల్లో కొన్నిచోట్ల వాడే అయోడిన్ పెన్నుది కూడా ఇదే కథ. మామూలు కాగితంలో ఉండే గంజిపదార్థాన్ని తాకితే దాని గీత నల్లబడుతుంది, పత్తి కాగితం మీద నల్లబడదు. గంజి పెట్టిన చొక్కాలో నానిన నోటు ఆ పెన్నుకు చిక్కితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

నీటిగుర్తు (వాటర్‌మార్కు) గురించి మామ దగ్గర ఒక సొంత అనుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం దసరా అమ్మకాల తరువాత బ్యాంకులో సొమ్ము జమ చేస్తుండగా ఒక కట్టలో ఒక ఐదువందల నోటు నకిలీదని తేలింది. క్యాషియరు దాని మీద నకిలీ నోటు అని ముద్ర కొట్టి, రిజిస్టరులో రాసుకుని, మామ చేత సంతకం పెట్టించుకుని రసీదు ఇచ్చాడు. ఆ రసీదు ఇప్పటికీ గల్లాపెట్టె మూత లోపల లక్ష్మీదేవి పటం వెనక భద్రంగా ఉంది. ఆనాడు క్యాషియరు చూపించిన తేడా ఆయన మనసులో నాటుకుపోయింది. ఆ నోటు మీద గాంధీ నీడ బల్ల మీద పెట్టినా స్పష్టంగా కనబడుతోందట. అసలు నీటిగుర్తుకు రంగు ఉండదు. కాగితం ఇంకా తడి గుజ్జుగా ఉన్నప్పుడే, వల మీద మలచిన అచ్చును బట్టి గుజ్జు ఒకచోట పలచగా, ఒకచోట దళసరిగా పేరుకుంటుంది. వెలుతురు ఆ మందాల తేడాను నీడలుగా చూపిస్తుంది. నోటు బల్ల మీద ఉన్నప్పుడు అది దాదాపు కనిపించకూడదు, ఎత్తి పట్టినప్పుడు మెత్తని అంచులతో తేలాలి, దాని పక్కనే 500 అంకె ఇంకాస్త ప్రకాశంగా కనబడాలి. దొంగనోట్ల వాళ్లు దానిని తెల్లటి సిరాతోనో జిడ్డు సిరాతోనో పైన అచ్చు వేస్తారు. మనలో చాలామంది నోటును ఎత్తి, గాంధీ కనిపించాడు కదా అని జేబులో వేసుకుంటాం. ఎత్తక ముందే కనిపించాడా అన్నది అడగవలసిన ప్రశ్న.

ఎత్తి పట్టినప్పుడే చూడదగినది ఇంకొకటి ఉంది. ఎడమవైపున్న చిన్న 500 అంకెలో కొన్ని ముక్కలు ముందువైపు, మిగిలిన ముక్కలు వెనకవైపు అచ్చయి ఉంటాయి. వెలుతురులో రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి అంకె పూర్తవుతుంది. విడివిడిగా రెండు వైపులా ప్రింటు తీసేవాడికి ఈ కలయిక తేలికగా కుదరదు. ఇక నోటును కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుంటే తేలే దాగిన అంకె, భూతద్దం ఉంటే తప్ప కనిపించని సూక్ష్మాక్షరాలు ఉన్నాయి గానీ, సంత రద్దీలో వాటిని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

సంఖ్యల వరుసను మాత్రం తేలికగా తీసుకోకూడదు. ఎడమ నుంచి కుడికి అంకెలు క్రమంగా పెద్దవవుతూ పోవడం 2015 నుంచి మన నోట్లలో మొదలైంది. 1925లో పోర్చుగల్‌లో బయటపడిన ఆల్వెస్ డోస్ రెయిస్ మోసం ఈ సందర్భంలో గుర్తుకొస్తుంది. అతడు దొంగ అచ్చుయంత్రం పెట్టుకోలేదు. దొంగ ఒప్పందపత్రాలు సృష్టించి, ఆ దేశపు ఐదువందల ఎస్కుడోల నోట్లను అచ్చువేసే లండన్ ముద్రణసంస్థ చేతనే వేయించుకున్నాడు. కాగితం అసలుది, సిరా అసలుది, పలకలు అసలువి. చివరికి అతడిని పట్టించింది ఒకే సంఖ్యతో రెండేసి నోట్లు దొరకడం.

వాట్సాప్‌లో తిరిగే గుర్తుల సంగతి వేరు. రెండువేల నోటులో చిప్పు ఉందన్న కథ మొదలు, సంఖ్య నడుమ నక్షత్రం ఉంటే దొంగనోటు అన్న కథ దాకా నా బంధువర్గమంతా నాకు పంపింది. నక్షత్రం అంటే, అచ్చులో చెడిపోయిన నోటుకు బదులుగా కట్టలో చేర్చిన నోటు అని మాత్రమే అర్థం. అది చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2023 జులైలో మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఆకుపచ్చ దారం గవర్నరు సంతకానికి కాక గాంధీకి దగ్గరగా ఉంటే నకిలీ అన్నది కూడా వట్టి మాటే. నన్ను అడిగితే, ఈ పుకార్లు చేసే నష్టం దొంగనోట్ల కంటే తక్కువేమీ కాదు. అసలు నోటు పట్టుకుని నిలబడిన మనిషికి దోషి ముఖం తెచ్చిపెడతాయి, ఆ సోమవారం నాకు వచ్చినట్టు.

మామ నష్టపోయిన ఐదువందల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఈ నియమం తెలియదు. నకిలీదని తేలిన నోటును బ్యాంకు తిరిగి ఇవ్వదు, దాని విలువా చెల్లించదు. ఒకే లావాదేవీలో నాలుగు దాకా దొరికితే బ్యాంకు నెలాఖరున పోలీసులకు ఒకే నివేదికగా పంపుతుంది. ఐదు లేదా అంతకు మించితే వెంటనే పోలీసుల దాకా వెళుతుంది. నకిలీ అని తెలిసీ ఇంకొకరికి అంటగట్టడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద నేరం. నోటు తేడాగా ఉందని తెలిశాక చీకటి పడ్డాక ఆటో అతనికి ఇచ్చేద్దాం అనుకునేవాళ్లను నేను చూశాను. అది తెలివితేటలుగా చెలామణి అవుతోంది గానీ, ఆ ఆటో అతను మరునాడు బ్యాంకు కౌంటరు ముందు రసీదు మీద సంతకం పెడుతూ నిలబడతాడు.

మా నోటు పుట్టిల్లు ఎంతో దూరం కాదని మామ ఆ రోజు హాస్యమాడాడు. దేశంలో నోట్లు అచ్చయ్యేవి నాలుగు చోట్ల: నాసిక్, దేవాస్, సాల్బోని, మైసూరు. మైసూరులో ముద్రణాలయంతో పాటు కరెన్సీ కాగితం మిల్లు ఉంది, 2022లో వర్ణిక అనే సిరా కర్మాగారం కూడా ప్రారంభమైంది. చిక్‌పేట నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. "పుట్టింటికి పంపితే కడిగి పెడతారేమో కనుక్కో పాపా" అన్నాడు, కాఫీ తెప్పిస్తూ.

మరునాడు ఆ నోటును ఇంకొన్ని నోట్లతో కలిపి మా వీధి చివరి బ్యాంకుకు తీసుకెళ్లాను. క్యాషియరమ్మ కట్టను లెక్క యంత్రంలో పెట్టగానే అది గరగరమని సగంలో ఆగి, ఒక నోటును పక్క అరలోకి తోసింది. చూడకుండానే తెలిసింది, అది మాదే. ఉతికానని చెప్పడానికి నోరు తెరిచేలోపు ఆవిడ దాని అంచు మీద బొటనవేలు ఒకసారి గీసి, దారాన్ని అటూ ఇటూ వంచి చూసి, మిగతా నోట్ల మీద పెట్టి కట్టకు కాగితపు పట్టీ చుట్టేసింది.