లోయర్ బెర్త్, గుడ్డసంచి

నాకు మూత్రాశయంలో క్యాన్సర్ అని తేలాక మూత్రాశయాన్నే పూర్తిగా తీసేశారు. చిన్నపేగులోంచి ఓ పదిహేను సెంటీమీటర్ల ముక్క కోసి, కిడ్నీల నుంచి వచ్చే గొట్టాలు రెండూ దానికి కలిపి, రెండో కొసను బొడ్డుకు కుడిపక్కన బయటికి తెచ్చారు. ఆ కొసనే స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి ఉండదు. దానిమీద బ్యాగు అంటించుకోవాలి. ఆపుకోవడమన్న మాటే లేదు, మూత్రం చుక్కచుక్కగా అందులో పడుతూనే ఉంటుంది.

తర్వాత మొదటి ప్రయాణం శ్రీకాకుళం నుంచి విశాఖకు, చెకప్ కోసం. బస్సులో బ్యాగు నిండిపోతుందేమోనని పొద్దుట్నుంచి మంచినీళ్లు ముట్టలేదు. పైగా ఊడిపోతుందని ప్యాంటు బెల్టు దానిమీదుగా బిగించాను. తెలివంటే అదీ! మూత్రం కిందికి జారే దారి లేక, రణస్థలం దాటేసరికి అంచు ఊడి చొక్కా, ప్యాంటు తడిసిపోయాయి. పక్కాయన లేచి వెనక సీటుకి వెళ్లిపోయాడు. ఆ సిగ్గుకి నెలరోజులు గడప దాటలేదు. ఇంతలో చలిజ్వరం, ఇన్ఫెక్షన్.

“నీళ్లు తగ్గించారా?” అని డాక్టరుగారు కోప్పడ్డారు. మూత్రంలో తెల్లగా తీగల్లా కనబడేది పేగులోంచి వచ్చే జిగురేనట, భయం లేదట. నీళ్లు తాగకపోతే అదీ చిక్కబడుతుందట.

మా ఆవిడ మాత్రం, “ఏటయిపోద్దండీ, తడిస్తే బట్టలు మార్చుకుంటారు. సంచిలో ఇంకో జత పెడతాను” అంది. నాకు అదే మందయింది.

మనవడి అన్నప్రాశనకి సికింద్రాబాద్ బయలుదేరాం. బ్యాగు ముందురోజే మార్చుకున్నాను, తెల్లవారుజామున, కాఫీ కూడా తాగకముందు. అప్పుడే ధార తక్కువ. ప్రయాణం రోజున మార్చితే సరిగ్గా అంటుకుందో లేదో చూసుకునే వ్యవధి ఉండదు. విడి బ్యాగులకి స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా కన్నం ఇంట్లోనే కత్తిరించి, భుజాన వేసుకునే సంచిలో పెట్టాను. పెట్టెలో పెడితే అవసరానికి అందవు. ఎండలో ఆగిన కారులో వదిలితే జిగురు పాడవుతుంది.

ఆమదాలవలసలో రైలెక్కాం. సగం నిండకముందే లేచి వెళ్లేవాణ్ణి. ఊగే రైల్లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో బ్యాగు కింది కుళాయి తిప్పడం ఓ విద్యే. రెండుసార్లు చెప్పుమీద పోసుకున్నాను. నీళ్లు మాత్రం మానలేదు.

రాత్రికి రెండు లీటర్ల బ్యాగు ఒకటి ఉంటుంది. గొట్టం తగిలించి, ఒంటికన్నా కిందికి వేలాడేలా లోయర్ బెర్తు పక్కన కట్టి, పైన మా ఆవిడ కుట్టిన గుడ్డసంచి తొడిగాం.

ఎదుటి బెర్తు పెద్దాయన చాలాసేపు దానివంకే చూసి, “పలాస జీడిపప్పేనా బాబూ? కిలో ఎంతకిచ్చారేటి?” అన్నాడు.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. నేను కుట్లు నొప్పెట్టేదాకా నవ్వాను.