గాలే కదా!

"గాలే కదా మేస్త్రీ!" షెడ్డుకి కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ మొదటి వారంలో ఈ మాట అంటాడు. కరెంటు గ్రైండర్ చేతికిస్తే వైరు చూసుకుంటాడు, ప్లగ్గు చూసుకుంటాడు, చెయ్యి తడిగా ఉంటే చొక్కాకి తుడుచుకుంటాడు. గాలి సాండర్ (కంప్రెసర్ నుంచి పైపులో వచ్చే గాలితో తిరుగుతూ గరుకు పేపర్‌తో రుద్దే మిషన్) ఇస్తే ఆ జాగ్రత్త ఒక్కటీ ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ పనిలోకి వచ్చి 27 ఏళ్లయింది. మొదటి పదేళ్లు చెక్కదిమ్మకి నీళ్ల పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చుట్టి చేత్తోనే కొట్టాం. కారు డోరుకి పట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద) పెట్టి సాపు చేయాలంటే సగం పూట పోయేది. గాలి సాండర్ వచ్చాక అదే పని అరగంట. దీన్ని మేం ఇష్టపడటానికి ఇంకో కారణముంది. లోపల కరెంటు మోటారు ఉండదు కాబట్టి నీళ్లతో పేపర్ కొట్టేటప్పుడు షాకు భయం లేదు, థిన్నర్ వాసన ఉన్నచోట మోటారు నుంచి నిప్పురవ్వ రాదు. ఇవన్నీ నిజమే. కానీ షాకు లేదంటే ప్రమాదమే లేదని కాదు.

మా కంప్రెసర్ ట్యాంకు 220 లీటర్లు. ఒత్తిడి చూపే గేజు ఎనిమిది కేజీలు (చదరపు సెంటీమీటరుకి) చూపించేసరికి సుమారు 2000 లీటర్ల మామూలు గాలి అందులో కుక్కి ఉంటుంది. కారు టైరులో పెట్టే ఒత్తిడి 32 పాయింట్లు (పీఎస్ఐ). సాండర్ దగ్గరికి వచ్చేది 90. పిల్లలకి ఈ లెక్క చెప్పినప్పుడే ముఖం మారుతుంది.

మూడేళ్ల కిందట, జూలైలో, మా షెడ్డులోనే జరిగింది. పైపుని మిషన్‌కి కలిపే చివరి కప్లింగ్ అరిగిపోయింది. మార్చాలని నాకు తెలుసు, రేపు చూద్దాంలే అనుకున్నాను. పని మధ్యలో అది ఊడింది. గాలి నిండిన పైపు పాము పడగ విప్పి కొట్టినట్టు లేచి, పక్కన పట్టీ కలుపుతున్న కుర్రాడి కనుబొమ మీద తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. ఒక్క అంగుళం కిందికి తగిలుంటే కన్ను పోయేది. వాళ్లమ్మ ఆసుపత్రికి వచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ప్రతి సోమవారం పొద్దున్నే పైపులన్నీ వేళ్లతో తడిమి చూస్తాను: ఎక్కడైనా ఉబ్బిందా, పగిలిందా, కప్లింగ్ లాగితే కదులుతోందా అని. ఊడిన పైపు ఎగురుతుంటే దాన్ని పట్టుకోవడానికి ఎవరూ ఉరకొద్దు. ముందు వాల్వు కట్టెయ్యాలి.

పేపర్ మార్చేటప్పుడు పైపు పీకెయ్యాలి. ఇక్కడే అందరూ బద్ధకిస్తారు. అయిదు సెకన్ల పని కోసం పైపు తీయడమేంటని సాండర్ ఒళ్లో తిరగేసి పెట్టుకుంటారు. మోచెయ్యి లివర్‌కి (నొక్కితే మిషన్ తిరిగే మీటకి) తగిలితే చాలు, నిమిషానికి పది పన్నెండు వేల చుట్లు తిరిగే డిస్కు అరచేతిలో ఉంటుంది. పైపు పీకాక లివర్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన గాలి కూడా వదిలెయ్యాలి.

డిస్కు, దాని ప్యాడ్ మీద ఎంత వేగం వరకు వాడొచ్చో రాసి ఉంటుంది. అది మిషన్ వేగం కంటే తక్కువ ఉండకూడదు. సందుల్లో పనికొస్తుందని డై గ్రైండర్‌కి (చిన్న మొనతో అరగదీసే గాలి మిషన్‌కి) పెద్ద ప్యాడ్ బిగించేవాళ్లని చూశాను. డై గ్రైండర్లు ఇరవై వేల చుట్లు దాటి తిరుగుతాయి. ఆ వేగానికి ప్యాడ్ చీలి ముక్కలు ఎగిరితే గోడకి కొట్టుకుంటాయా, మనిషికి తగులుతాయా అన్నది అదృష్టం మీద ఆధారపడుతుంది. అలాగే సాండర్‌ని గాల్లో ఎత్తి ఉత్తినే తిప్పొద్దు. బరువు లేకుండా పూర్తి వేగం అందుకున్నప్పుడే సరిగ్గా అతుక్కోని డిస్కు ఊడి ఎగురుతుంది. ప్యానెల్ మీద ఆనించి మొదలుపెట్టండి, ఆపాక పూర్తిగా ఆగేదాకా చేతిలోనే ఉంచండి.

ప్రెషర్ సంగతి. గేజులో 90 ఉందని తృప్తిపడతారు. అది మిషన్ ఆగి ఉన్నప్పటి లెక్క. లివర్ నొక్కి చూడండి. సన్న పైపు, పొడుగు పైపు, మధ్యలో మూడు జాయింట్లు ఉంటే మిషన్ తిరిగేటప్పుడు 60కి పడిపోతుంది. అప్పుడు కుర్రాడు ఏం చేస్తాడు? సాండర్‌ని బలంగా అదుముతాడు. పట్టీ గుంటలు పడుతుంది, మణికట్టు అదురుతుంది, సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. మరొకడు రెగ్యులేటర్ తిప్పి 120 చేస్తాడు. అప్పుడు మిషన్ దానికి చెప్పిన వేగం దాటిపోతుంది. రెండూ తప్పే. పైపు లావుది వేసుకోవాలి. లోపలి రంధ్రం కనీసం పది మిల్లీమీటర్లు ఉండాలి.

వానాకాలంలో కృష్ణ ఒడ్డున గాలంతా తడే. ట్యాంకు అడుగున రోజూ నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు వదలకపోతే ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది, పైకి ఏమీ కనపడదు. ఆ తడే సాండర్‌లోకీ వెళ్తుంది. లివర్ కింది వాల్వు పట్టేసి, చెయ్యి తీసినా మిషన్ ఆగకుండా తిరగడం నేను చూశాను. పొద్దున్నే గాలి వచ్చే రంధ్రంలో నాలుగు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేసి, గాలి బయటికి పోయే ఎగ్జాస్ట్ దగ్గర గుడ్డ పట్టి కాసేపు తిప్పితే చాలు. గుడ్డ ఎందుకంటే ఆ నూనె ప్యానెల్ మీద పడితే పెయింట్ అతుక్కోక గుంటలు పడుతుంది.

ఇప్పుడు రాసేది ప్రతి షెడ్డు యజమానీ తన కుర్రాళ్లకి చదివి వినిపించాలని నా కోరిక. పని అయ్యాక ఎయిర్ గన్‌తో ఒంటి మీద దుమ్ము ఊదుకోకండి. గాయం ఉన్నచోట గాలి చర్మం కిందికి దూరుతుంది, చెవిలో కొడితే కర్ణభేరి పోతుంది. సరదా అంటూ తోటివాడి మలద్వారం దగ్గర పైపు పెట్టి గాలి కొడితే పేగులు చిరిగి ప్రాణం పోయిన వార్తలు మన పేపర్లలో ఎన్నో వచ్చాయి. మా షెడ్డులో ఎవరైనా గన్ మనిషి వైపు తిప్పితే ఆ రోజుకి ఇంటికి పంపేస్తాను. ఈ విషయంలో నేను ఎవరినీ బతిమాలను.

దుమ్ముకి జేబురుమాలు సరిపోదు. దారాల మధ్య సందుల్లోంచి ఊపిరితిత్తులకి పోయే సన్న దుమ్మే అసలు చేటు చేస్తుంది. ఎన్95 మాస్కు ముఖానికి ఒత్తుకుని ఉండాలి. అది దుమ్ముకే గానీ థిన్నర్ వాసనకి పనికిరాదు. పాత లారీలు, బస్సుల మీది పసుపు, నారింజ రంగులైతే ఇంకా భయం, వాటిలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది. అది ఇళ్లకి వేసే పెయింట్లకే, మన బళ్ల పెయింట్లకి కాదు. నా కూతురు చిన్నప్పుడు నేను ఇంటికి రాగానే ఎదురొచ్చి కాళ్లకి చుట్టుకునేది. ఆ బట్టల నిండా ఏ రంగు దుమ్ము ఉండేదో అప్పట్లో నాకు తెలియదు. ఇప్పుడు షెడ్డులోనే స్నానం చేసి వేరే బట్టలు కట్టుకుని వెళ్తాను. చేతులు కడగకుండా టీ గ్లాసు కూడా ముట్టను.

నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు చివర్లు తెల్లవారుజామున మొద్దుబారి ఉంటాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి టైము పడుతోంది. ఏళ్ల తరబడి అదురు తగిలితే వేళ్ల నరాలు, సన్న రక్తనాళాలు దెబ్బతింటాయని డాక్టరు చెప్పారు. పైగా ఎగ్జాస్ట్ నుంచి వచ్చే గాలి చల్లగా ఉంటుంది, అది చేతి మీదే కొడుతుంది. అందుకే మా వాళ్లు ఒకరే రోజంతా సాండర్ పట్టరు. అరగంట పట్టి ఇంకొకరికి ఇస్తారు. ప్యాడ్ అంచు చిరిగితే ఆ రోజే మారుస్తాం, ఎందుకంటే చిరిగిన ప్యాడ్‌తో అదురు పెరుగుతుంది. చెవులకి ప్లగ్గులు కూడా పెట్టుకుంటారు, మొదట్లో గొణిగారు, ఇప్పుడు వాళ్లే అడిగి తీసుకుంటున్నారు.

సాయంత్రం ఏడింటికి కంప్రెసర్ ఆపాక రెండు నిమిషాలు ఎవర్నీ మాట్లాడొద్దంటాను. ఆ నిశ్శబ్దంలో ఎక్కడైనా బుస్సుమంటుంటే ఆ జాయింటుకి చాక్‌పీసుతో గుర్తు పెడతాం. నిన్న రెండు దొరికాయి. రేపు పాత మినీ బస్సొకటి వస్తోంది, ఒళ్లంతా పసుపే. దుమ్ము లేవకుండా సాండర్ పక్కన పెట్టి నీళ్ల పేపర్‌తోనే మొదలుపెడతాం. రెండు రోజులు ఆలస్యమవుతుందని బస్సాయనకి ఇప్పటికే చెప్పాను.