బ్యాళ్ళు ఉడకని ఇల్లు

అనంతపురానికి బదిలీ అయి వచ్చిన తొలి నాలుగు నెలలూ నేను మెస్సు భోజనంతోనే గడిపాను. నా భార్య ఉద్యోగం కడపలో, పిల్లల చదువులు కూడా అక్కడే. అందువల్ల సెలవు రోజులు తప్ప మిగిలిన రోజుల్లో మధ్యాహ్నం క్యారియరు, రాత్రికి బండి మీద పరోటా. ఆ మెస్సు ఏదో చెప్పి ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు గానీ, అక్కడి కూరల్లో తేలే నూనె నా కడుపుకు సరిపడలేదన్నది మాత్రం నిజం. పుల్లటి తేన్పులు, గుండెమంట ముదిరాక వెళ్ళి చూపించుకుంటే, డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఇంటి తిండి తినమన్నారు. ఇల్లంటే నేనొక్కడినే. ఆ విధంగా నలభై ఒకటో ఏట మొదటిసారి పొయ్యి వెలిగించాను.

మొదటి వంటకం పప్పే కావాలనుకున్నాను, ఎందుకంటే దానికంటే సులువైనది లేదని ఇంట్లో అందరూ అనగా విన్నాను. మా వైపు పప్పుదినుసును బ్యాళ్ళంటాం. ఫోన్ చేస్తే అమ్మ ఒక్క ఊపిరిలో చెప్పేసింది: "గ్లాసు కందిబ్యాళ్ళు కడిగి, మూడు గ్లాసుల నీళ్ళు పొయ్యి, రెండు టమోటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, రవ్వంత చింతపండు ఏసి, కుక్కర్లో నాలుగు విజిళ్ళు రానీ నాయనా, అంతే." నాలుగు విజిళ్ళ తరువాత మూత తీసి చూస్తే టమోటాలు కరిగిపోయాయి, మిరపకాయలు తేలిపోయాయి, బ్యాళ్ళు మాత్రం దేనికది విడివిడిగా, పోసినప్పుడు ఎంత బింకంగా ఉన్నాయో అంతే బింకంగా అడుగున ఉన్నాయి. ఒక గింజను వేళ్ళ మధ్య నలిపితే పైన మెత్తగా జారి, లోపల సుద్దముక్కలాంటి పలుకు తగిలింది. మళ్ళీ నాలుగు విజిళ్ళు పెట్టాను. ఆ తరువాత ఇంకో ఆరు. చివరిసారి నీళ్ళు ఎక్కువ పోసి కుక్కరును నిండా నింపడంతో, నురుగు విజిల్ సందులోనుంచి చిమ్మి వంటగది స్లాబుకు తగిలింది; ఆ పసుపు మరక ఇప్పటికీ అక్కడే ఉంది. పప్పు ఉడికించేటప్పుడు కుక్కరును సగానికి మించి నింపకూడదని, నురుగు రాకుండా ఒక చుక్క నూనె వేయాలని ఆ తరువాత తెలిసింది.

మరుసటి రోజు ఆ గిన్నెను చూసిన మనిషి మా ఇంటి యజమాని తల్లి. ఎనభైకి దగ్గరపడిన ఆమెను వీధిలో అందరూ అవ్వ అనే పిలుస్తారు. గింజను నోట్లో వేసుకుని కూడా చూడలేదు, అడిగింది ఒక్కటే. "యా నీళ్ళు పోస్తివి సామీ?" కొళాయి నీళ్ళే అవ్వా అన్నాను. "కొళాయిలో వచ్చేది బోరునీళ్ళు కదప్పా. ఉప్పునీళ్ళకు బ్యాళ్ళు ఉడుకుతాయా యాడన్నా?"

ఆ ప్రశ్నతో నా కుక్కరు మీద, గ్యాస్ మీద, అమ్మ మాట మీద పెంచుకున్న అనుమానాలన్నీ ఎగిరిపోయాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. భూగర్భంలో లోతుకు దిగిన నీళ్ళు రాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి నిలిచి, కాల్షియం, మెగ్నీషియం లవణాలను తమలో కరిగించుకుంటాయి. స్నానాల బకెట్టుకు పట్టే తెల్లటి పొర అదే. గింజలోని కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం వేడికి కరిగినప్పుడే బ్యాడ మెత్తబడుతుంది. నీటిలోని కాల్షియం వచ్చి ఆ పెక్టిన్‌ను పట్టుకుంటే, అది కరగడానికి బదులు బిగుసుకుంటుంది. చింతపండు పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. అంటే నేను బోరునీళ్ళతో ఒక తాళం, చింతపండుతో మరొక తాళం వేసి, పైన పద్నాలుగు విజిళ్ళతో తలుపు బాదానన్నమాట. మా అమ్మ ఉండే ఊళ్ళో తాగేవి తీపినీళ్ళు కాబట్టి, అన్నీ ఒకేసారి వేసినా ఆమెకు ఏనాడూ ఇబ్బంది రాలేదు. వంటసోడా చిటికెడు వేస్తే ఈ సమస్య తీరుతుందని ఆఫీసులో ఒకరు సలహా ఇచ్చారు. తీరుతుంది కూడా, కానీ ఆ క్షారానికి పప్పులోని బీ1 విటమిన్ నశిస్తుంది. ఆరోగ్యం కోసం వండుకుంటూ ఆ పని చేయడం నాకు నచ్చలేదు.

అవ్వ చూపించిన పద్ధతి నేను ఊహించినదానికంటే నెమ్మదైనది, కానీ ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు. వంటకు కావలసిన నీళ్ళను క్యానులోంచి గానీ, రోజు విడిచి రోజు వచ్చే కార్పొరేషన్ నీళ్ళలోంచి గానీ విడిగా పట్టి పెట్టుకోవాలి. బ్యాళ్ళను అరగంట ముందే నానబెట్టి, పసుపు, నూనెచుక్క వేసి, మరిగే నీళ్ళలో పోసి, గింజ వేళ్ళ మధ్య నలిగే దాకా మరేమీ కలపకుండా ఉడకనివ్వాలి. అప్పుడు ఆకుకూర, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ ముక్కలు. కూర మగ్గిన తరువాత చింతపండు, ఉప్పు. ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది. గిన్నె మీద మూతను కొంచెం ఓరగా పట్టుకుని, నీళ్ళన్నీ వేరే గిన్నెలోకి వంచేయాలి. నీళ్ళలో తేలే పప్పును గుత్తితో ఎంత తిప్పినా గింజలు పక్కకు జారిపోతాయే గానీ మెదగవు. నీళ్ళు వంచేశాక గట్టిగా మిగిలిన దానిని పప్పుగుత్తితో ఎనిపితే, ముందు గరగరమనే శబ్దం వస్తుంది, క్రమంగా అది తగ్గి, గుత్తి బరువెక్కి, ఆకుకూర పీచు పప్పులో కలిసిపోయి ఒకటే పచ్చటి ముద్దగా మారుతుంది. అప్పుడు వంచిన నీళ్ళను కొద్దికొద్దిగా మళ్ళీ పోసుకోవాలి. మిగిలిన కట్టులో మిరియాలపొడి, జీలకర్ర వేసి మరిగిస్తే రాత్రికి చారవుతుంది. ఒక పొయ్యి మీద రెండు వంటలు అమరడం చూసి నేను పొంగిపోయాను. అవ్వకు అందులో వింతేమీ కనిపించలేదు.

నాకు అన్నిటికంటే కష్టమైనది కొలతల భాష. ఉప్పు ఎంత అంటే సరిపడా, కారం ఎంత అంటే చూసి, తిరగవాత ఎంతసేపు అంటే వాసన వచ్చేదాకా. సరిపడా ఉప్పు అంటే ఎంతో, సరిపోయిన తరువాత గానీ తెలియదు. విసిగిపోయి, వంద రూపాయల తూకం చెంచా ఒకటి కొని, అవ్వ చేతిలోంచి జారే ఉప్పును మూడు రోజులపాటు గుట్టుగా తూచాను. మూడు రోజులూ తేడా అర గ్రాము దాటలేదు. రోజుకు మనిషికి అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊరగాయలు, కారంపొళ్ళు కలుపుకుంటే మన ఇళ్ళలో ఆ గీత దాటడం ఎంత తేలికో ఆ తూకం చెంచా నాకు చూపించింది. ఇప్పుడు పప్పులో అవ్వ వేసినదానిలో మూడువంతులే వేస్తాను. ఆమె ఒకసారి రుచి చూసి, "సప్పగుంది" అని గిన్నె నా వైపు నెట్టింది.

పప్పు కుదిరిన తరువాత ఊరిబిండికి, అంటే వేరుశనగ పచ్చడికి, ధైర్యం వచ్చింది. చెనిక్కాయలు పండే జిల్లాలో ఉంటూ దానిని సీసాల్లో కొనుక్కోవడం సిగ్గుచేటు. విత్తనాలను సన్నని సెగ మీద వేయించాలన్నది అందరూ చెబుతారు, కానీ పొయ్యి ఆర్పినా వేడి మూకుడులో అవి మాడుతూనే ఉంటాయని ఎవరూ చెప్పలేదు. మొదటి విడత అలాగే నల్లబడి చేదెక్కింది. ఇప్పుడు చిటపటలు మొదలై పొట్టు మీద అక్కడక్కడా మచ్చలు పడగానే పళ్ళెంలోకి తీసేస్తాను. ఆరాక రెండు అరచేతుల మధ్య నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోతుంది. (వంటగదిలో ఊదకండి, వారం రోజులు ఊడ్చుకోవాలి.) వేయించిన పచ్చిమిరపకాయలు, టమోటా, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు ముందు నూరి, విత్తనాలు తరువాత వేసి బరకగా ఆపాలి. మిక్సీ ఒక్క తిప్పు ఎక్కువైతే నూనె బయటికొచ్చి జిగురవుతుంది. చివర్లో పచ్చి ఎర్రగడ్డను చితికించి కలిపితే చాలు.

వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా, చెనిక్కాయ విత్తనాల్లో 25 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయి. మాంసకృత్తుల్లో ఒక భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువగా ఉండి పప్పులో సమృద్ధిగా ఉంటుంది కాబట్టి, పప్పన్నం తినే పేదవాడు పోషకాహార శాస్త్రం తెలియకుండానే దానిని పాటిస్తున్నాడు. సంగటి సంగతి కూడా అంతే. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు మించదు. నేను వారానికి మూడు రాత్రులు సంగటి చేస్తాను. గ్లాసు బియ్యానికి అయిదు గ్లాసుల నీళ్ళు పోసి జావగా ఉడికించి, ఒకటిన్నర గ్లాసు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు వదిలేస్తే ఉండకట్టదు. ఆత్రపడి వెంటనే కలిపితే ముద్దలో పచ్చిపిండి గోళీలు తగులుతాయి. కలిపేటప్పుడు గిన్నెను కాళ్ళతో అదిమిపట్టాలన్న అవ్వ మాట విని నవ్వాను గానీ, రెండోసారి గిన్నె గట్టు మీదనుంచి దొర్లాక నేనూ నేల మీదే కూర్చుంటున్నాను.

ఉదయం ఆరున్నరకు బ్యాళ్ళు నానబెడితే ఎనిమిదింటికి క్యారియరు సిద్ధమవుతోంది. చుక్కకూర దొరికిన రోజున చింతపండు జోలికి పోనవసరం లేదు, వాన పడిన వారంలో పల్లెల నుంచి చెంచలాకు వస్తుంది, దానికోసం మాత్రం మార్కెట్టుకు పెందలాడే వెళ్ళాలి. మాత్రలు వాడటం ఆపి రెండు నెలలయింది.

లొంగనిది జొన్నరొట్టె ఒక్కటే. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగి ఉండదు కాబట్టి, మరిగే నీళ్ళు పోసి చేయి కాలుతుండగానే పిసికితే తప్ప అది అతుక్కోదు. అతుక్కున్నా తట్టేటప్పుడు అంచులు విచ్చుకుంటాయి. సాయంత్రం మా వీధి మలుపులో పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చి అమ్మే అక్క, మాట్లాడుతూనే, పిండి వైపు చూడకుండా, నిమిషానికొక రొట్టె తట్టి పడేస్తుంది. మొన్న శుక్రవారం నేను తట్టిన రొట్టె పెనం మీదికి చేరేలోగా మూడు ముక్కలైంది. ఆ మూడు ముక్కలనూ అలాగే కాల్చి, ఊరిబిండి అద్దుకుని తినేసి, మిగతా వాటికి మలుపు దగ్గరికి వెళ్ళాను.