లెక్కలో ఎక్కువైన పిల్ల

ఆదివారం.

అత్తయ్యని తయారు చేసి గుమ్మం దాటించేసరికి ఎనిమిదైంది. "రిహార్సల్‌కి నేనెందుకే, నాకేం వేషం ఇస్తారు?" అంటూనే అంచు చీర తీయించి కట్టుకుంది. ఎనభై తొమ్మిదేళ్ళ మనిషిని ఎంవీపీ కాలనీ నుంచి విశాఖ పాత ఊరికి ఆటోలో తీసుకెళ్ళడం మాటలు కాదు. స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, "నాయనా, మెల్లిగా" అని డ్రైవర్‌కి దండకం. జగదాంబ దాటాక మాత్రం నోరు మెదపలేదు. ఒక చేత్తో రాడ్ పట్టుకుని బయటికి వంగి, ఏ సందు ఎక్కడుందో చూసుకుంటూ కూర్చుంది.

మా ఊరి చరిత్ర మీద వేస్తున్న నాటకానికి రిహార్సల్ కోటవీధి దగ్గర ఒక బడి వరండాలో. కోట ఎప్పుడో పోయింది, వీధికి పేరు మిగిలింది. పిల్లలు, పెద్దలు కలిపి ఇరవై రెండు మందిమి. అందులో చేపలమ్మే ఇద్దరు ఆడవాళ్ళు, పోర్టులో రిటైరైన ఒకాయన, ఇంటర్ చదివే గుంటలు. నాకు ప్రాంప్టింగ్ పని. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు అప్పజెప్పినదాన్ని, డైలాగులు అందించడం ఒక లెక్కా అనుకున్నాను. లెక్కే అని మొదటి వారంలోనే తెలిసింది.

నాటకం మూడు ముక్కలు. మొదటిది 1780 అక్టోబర్ 3. హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్ళమంటే, ఇక్కడి సిపాయిలు ఎక్కేది లేదని తిరగబడ్డారు. 1857కి డెబ్బై ఏడేళ్ళ ముందు, మన ఊళ్ళో. ఇది చెప్పగానే ఇంటర్ కుర్రాడొకడు "మరి మా పుస్తకంలో లేదేంటండీ?" అన్నాడు. ఆ ప్రశ్ననే నాటకంలో పెట్టేశాం, వాడి చేతే అడిగిస్తున్నాం. మూడోది 1966 ఉక్కు ఉద్యమం. దానికి రిహార్సలే అక్కర్లేదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మేం లోపల అరిస్తే, గేటు బయట టీ తాగుతున్న ఆటోవాళ్ళు గ్లాసులు పట్టుకునే అందుకున్నారు. ఆ నినాదం ఈ ఊళ్ళో ఎప్పుడూ పాతబడలేదు. నవంబర్ 1న కాల్పుల్లో ప్రాణాలు పోయాయని చెప్పినప్పుడు మాత్రం పిల్లలు నిజమా అన్నట్టు చూశారు.

పేచీ అంతా రెండో ముక్కతోనే. 1942 ఏప్రిల్ 6, జపాన్ విమానాలు మన రేవు మీద బాంబులు వేసిన రోజు. పోయిన వారం పిల్లల్ని విశాఖ మ్యూజియానికి తీసుకెళ్ళి, అప్పుడు పడి పేలకుండా మిగిలిన బాంబు చూపించాం. బీచ్ రోడ్డు మీదున్న ఆ డచ్చి బంగళాలో ఎన్ని వస్తువులున్నా అందరూ ఆ ఇనప ముద్ద చుట్టూనే చేరారు. సెల్ఫీలయ్యాక ఒక పిల్ల "ఇది పడినప్పుడు జనం ఏం చేశారు?" అంది. మంచి ప్రశ్న. మా స్క్రిప్టులో దానికి జవాబు లేదు. స్క్రిప్టులో ఏముందంటే, ఒకాయన ఆకాశం కేసి చెయ్యెత్తి పేజీన్నర మాట్లాడతాడు. మా డైరెక్టర్ బాబు పరిషత్తు నాటకాల్లో పెరిగినవాడు, గొంతు ఖంగుమంటుంది, ఆ పేజీన్నర అంటే అతనికి ప్రాణం. సౌండ్ కోసం ఏదో సినిమాలోంచి పట్టుకొచ్చిన యుద్ధం చప్పుడు పెట్టాడు. స్పీకర్ రెండుసార్లు కీచుమని ఆగిపోయింది. పిల్లలు పగలబడి నవ్వారు.

అత్తయ్య నవ్వలేదు. ప్లాస్టిక్ కుర్చీలోంచే, "అలా ఎవరూ నిలబడి మాట్లాళ్ళేదు నాయనా" అంది.

డైరెక్టర్‌కి కొంచెం చిన్నతనంగానే అనిపించినట్టుంది. "మరి ఎలా మామ్మగారూ?" అన్నాడు.

"ముందు మబ్బు లేకుండా పిడుగేంటా అనుకున్నాం. తర్వాత జపానోళ్ళు దిగిపోతున్నారన్నారు. ఎవరన్నారో తెలీదు. అంతే, ఊరు ఊరంతా మూటలు కట్టింది." కాసేపు ఆగి నడిచేవాళ్ళని చూపించింది. "మీరేమో బీచికి షికారెళ్తున్నట్టు నడుస్తున్నారు. ఏప్రిల్ ఎండ. కాళ్ళకి చెప్పుల్లేవు. నేల కాలిపోతుంటే అలాగేనా నడవడం?"

అందరం మా కాళ్ళకేసి చూసుకున్నాం. అన్నీ చెప్పులూ బూట్లే.

డైరెక్టర్ని మెచ్చుకోవాలి. పంతానికి పోకుండా అందర్నీ చెప్పులు విప్పించి మైదానంలోకి దింపాడు. పదిన్నర ఎండ. నాలుగడుగులకే నడక మారిపోయింది. మడమలు ఆనకుండా వేళ్ళ మీద గెంతుతూ, ప్రహరీ నీడ దొరికితే అక్కడాగి, మళ్ళీ మూట నెత్తినెత్తుకుని పరుగు. చేపలమ్మే ఆవిడ చంకలో బిడ్డలా పట్టుకున్న దిండుని ఎండ తగలకుండా కొంగుతో కప్పేసింది. ఎవరూ చెప్పలేదు. ఆ పేజీన్నర డైలాగు ఇక అక్కర్లేదని డైరెక్టరే నా కాగితం మీద గీత కొట్టాడు. నాకు సంతోషం, అందించే బాధ తప్పింది.

ఆ తర్వాత అసలు కథ చెప్పింది అత్తయ్య. ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ కోడల్ని, నాకూ ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఆవిడకి అప్పుడు ఆరేళ్ళు. పక్కింటి పిల్లలతో ఆడుకుంటోంది. పక్కింటావిడ తన నలుగురు పిల్లల్నీ ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి బయల్దేరదీసింది. కంచరపాలెం దాకా నడక, అక్కణ్ణుంచి ఎడ్లబండి. సింహాచలంలో దిగి లెక్కపెడితే ఐదుగురున్నారు. ఎక్కువైన పిల్ల మా అత్తయ్య. వాళ్ళ నాన్న వెతుక్కుంటూ వచ్చింది నాలుగో రోజున.

"మరి ఆవిడ తిట్టలేదా మామ్మగారూ?"

"ఎందుకు తిట్టడం? ఐదో ముద్ద నాకు పెట్టింది."

ఆ సీన్ ఇప్పుడు నాటకంలో ఉంది. పిల్లల్ని లెక్కపెడుతూ "ఒకటి, రెండు..." అంటూ ఐదు దగ్గర ఆ తల్లి ఆగిపోవాలి, అంతే. ఇంకో సంగతి, గుంపులో ఒక క్రిస్టియన్ కుర్రాడు ఫోన్‌లో పాత క్యాలెండర్ తీసి, అది సోమవారమని, ముందు రోజే ఈస్టర్ అని పట్టుకున్నాడు. రాస్ కొండ చర్చి గంటతో ఆ సీన్ మొదలుపెడదామంటున్నాడు. సినిమా యుద్ధం చప్పుడు కంటే గంటే నయం.

ఐదో పిల్ల వేషానికి ముగ్గురు పోటీ పడ్డారు. ముగ్గురూ తెగ ఏడ్చి చూపించారు. అత్తయ్య ముగ్గుర్నీ కాదంది. "నేను ఏడవలేదు. ఏడవని పిల్లని పెట్టండి" అంది. చివరికి మూల కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్న పిల్లని వేలితో చూపించింది. ఆ పిల్ల ఇంతవరకు గుంపులో నిలబడటమే తప్ప ఒక్క మాట మాట్లాడింది లేదు.

వచ్చేప్పుడు కురుపాం మార్కెట్ దగ్గర ఆటో ఆపించి పూలు కొనుక్కుంది. నూటయాభై తీసుకున్నాడు ఆటోవాడు, అన్యాయం. మధ్యాహ్నమంతా నిద్ర. వచ్చే ఆదివారానికి ఒక ట్రంకు పెట్టె సంపాదించాలి, పై వాటాలో వాళ్ళని అడగాలి. దుప్పట్లతో మూటలు కట్టకూడదట, పాత చీరలు కావాలి.

రాత్రి మజ్జిగన్నం తింటూ, నేనేమీ అడక్కుండానే, "ఏడ్చాన్లే" అంది అత్తయ్య. "రెండో రోజు రాత్రి. ఆవిడకి తెలీకుండా." కాసేపాగి, "అది నాటకంలో పెట్టకండి" అంది.

సరే అన్నాను.